పిల్లల పేజీల్లో కళావతి

నాకు ఈర్ష్య ఎక్కువ. ఈ సంగతి ముందే నేనే చెప్పేస్తే తర్వాత ఇంకొకరు కనిపెట్టి చెప్పే శ్రమ ఉండదు. పక్కింటివాళ్ళ కారు మీద, తోటికోడలి నగల మీద నాకేం ఈర్ష్య లేదు. ఎవరైనా నాకంటే బాగా రాస్తేనే కడుపు మండుతుంది. ఇంగ్లండులోని ఈ కోవెంట్రీలో పదకొండేళ్ళపాటు అలాంటివాళ్ళెవరూ తగల్లేదు కనక మంచిదాన్నని పేరు కూడా తెచ్చుకున్నాను.

మా తెలుగు సంఘం ఏటా ఉగాదికి ఒక సంచిక వేస్తుంది. దానికి సంపాదకురాలిని నేనే. అధ్యక్షుడు గోపాల్‌రావు గారు స్టేజీ మీద ఎప్పుడూ నన్ను "మన రచయిత్రి పుష్పలీల గారు" అనే పిలుస్తారు. సంచిక తెరవగానే నా కథ ఉంటుంది. దాని తర్వాత ఒక డాక్టరు గారి తీర్థయాత్ర, ఎవరిదో ఆవకాయ మీద కవిత, ఆఖర్న పిల్లల పేజీలు. పిల్లల పేజీల్లో ప్రతి బొమ్మ కింద పేరూ వయసూ వేస్తాం, "రిషి, 7 సం." అని. పండగ రోజున వాళ్ళందరినీ వరసగా స్టేజీ ఎక్కించి తలా ఒక రంగు పెన్సిళ్ళ డబ్బా ఇస్తాం. ఆ డబ్బాలు ఇచ్చేది కూడా నేనే.

నా కథ బాగుందని అందరూ అంటారు. ఏ కథ అని నేను అడగను. అడిగితే ఇద్దరం ఇబ్బంది పడతామని తెలుసు. అసలు నాకు కావలసింది వాళ్ళ మెప్పు కాదు. మా అమ్మాయి సాత్విక చదవాలి. దానికి పద్నాలుగేళ్ళు, ఈ దేశంలోనే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో ఇస్తుంది, చదవడం అసలే రాదు. నేను చదివి వినిపిస్తాను కూర్చోవే అంటే "లేటర్, మమ్" అంటుంది. ఒకసారి బలవంతంగా కూర్చోబెట్టి చదివాను. రెండో పేజీలో తలెత్తి చూస్తే చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉన్నాయి, జుట్టు కింద దాచుకుంది. అమ్మ ఏం రాస్తుందో తెలుసుకోవాలని ఆ పిల్లకి ఒక్కసారి అనిపిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనుకునేదాన్ని.

కళావతి 2015 ఫిబ్రవరిలో నా దగ్గరికి వచ్చింది. నేను కౌన్సిల్ వాళ్ళ బ్రాంచి లైబ్రరీలో అసిస్టెంటుని. ఆవిడది కరీంనగర్ వైపు, నాకంటే ఐదేళ్ళు పెద్దది. భర్త బాబూరావు ఒక రెస్టారెంటులో చెఫ్. ఆవిడ ఒక కేర్ హోంలో లాండ్రీ పని చేస్తుంది, అంటే అక్కడుండే ముసలివాళ్ళ బట్టలు ఉతికి, మడతపెట్టి, ఎవరి గదిలో వాళ్ళవి సర్దిపెట్టడం. సంఘం భోజనాల దగ్గర రెండుమూడుసార్లు చూశాను. ఎప్పుడూ గిన్నెలు తోమే వైపు ఉంటుంది తప్ప, నలుగురిలో కూర్చుని మాట్లాడగా చూడలేదు.

కౌంటరు మీద ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి, "మేడం, జర ఇవి జూస్తరా. పుస్తకంల ఏస్తరేమోనని తెచ్చిన. బాగలేకుంటె వాపస్ ఇయ్యున్రి, ఏమనుకోను" అంది.

కవర్లో నాలుగు కాయితాలున్నాయి. వెనక్కి తిప్పితే కేర్ హోం రోటా, ఎవరికి ఏ రోజు ఏ షిఫ్టో. ఇవతలి వైపు నల్ల బాల్‌పెన్నుతో గీసిన బొమ్మలు, పేజీకి ఆరు గడులు, మనుషుల నోటి దగ్గర గుండ్రాల్లో మాటలు.

"కామిక్సా అండీ?" అన్నాను.

"ఏమంటరో నాకు దెల్వది మేడం. బొమ్మల కథ."

"పిల్లల కోసమా?"

ఆవిడ నా వంక వింతగా చూసింది. "పిల్లలకెందుకు? మా ఊరికి పటం కథ జెప్పెటోళ్ళు వస్తుండిరి. గింత పొడుగు బట్ట మీద బొమ్మలుంటయి, ఒక్కొక్కటి ఇప్పుకుంట కథ జెప్తరు. ముందట పెద్దమనుషులు కూసుందురు. ఏడ్సేటోళ్ళు ఏడుద్దురు. పిల్లలం ముందటికి వోతె మీకేం సమజైతది పోన్రి అని ఎనుకకు నూకుదురు. నేను మెడ సాపుకుంట ఎనుకనుంచి జూసేదాన్ని."

చూసి చెబుతానని పంపించాను. లంచ్ టైములో స్టాఫ్ రూములో శాండ్‌విచ్ తింటూ ఆ కాయితాలు ముందేసుకున్నాను.

కథ ఇదీ. కేర్ హోంలో ఒక తెల్ల ముసలావిడ. లాండ్రీ మనిషి స్వెట్టరు తెచ్చి బీరువాలో పెడుతుంటే ముసలావిడ మంచం మీంచి "అచ్చినవా బిడ్డా" అంటుంది. "నేను లాండ్రీ దాన్ని అమ్మా" అంటుంది ఈమె. మర్నాడూ అంతే. మూడోనాడు లాండ్రీ మనిషి ఏమీ అనదు. నాలుగోనాడు "అచ్చిన అవ్వా" అంటుంది, వాళ్ళ వైపు అవ్వ అంటే అమ్మే. అక్కణ్ణించి రెండు పేజీలపాటు మాటల్లేవు. కిటికీ అవతల చెట్టు ఆకులు రాలుస్తుంది, మళ్ళీ చిగురిస్తుంది. ఇవతల ఒకామె స్వెట్టరు తొడుగుతూ ఉంటుంది, ఒకామె తొడిగించుకుంటూ ఉంటుంది. నాలుగో పేజీలో మంచం ఖాళీ. అసలు కూతురు సంచి పట్టుకుని గదిలో నిలబడి "నువ్వెవలు" అని అడుగుతుంది. "లాండ్రీ దాన్ని" అంటుంది ఈమె. ఆఖరి గడిలో లాండ్రీ మనిషి బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. గుండ్రంలో ఒక్కటే మాట: "ఇయ్యాల నన్ను బిడ్డా అని ఎవ్వలు పిలువలే."

శాండ్‌విచ్ పక్కన పెట్టేశాను. కళ్ళనీళ్ళు వచ్చాయి. వాటి వెనకే మంట వచ్చింది. ఆ ఏడాది సంచికకి నేను రాసింది కూడా ఒక ముసలావిడ కథే. మూడు నెలలు కూర్చుని పదకొండు పేజీలు రాశాను. అందులో "జీవన సంధ్యలోని ఒంటరితనం" అనే మాట నాలుగు చోట్ల ఉంది. చదివేవాళ్ళకి ఏడుపు వస్తుందని నేను అనుకున్న చోట నాకే ఎప్పుడూ రాలేదు. ఈవిడ గిన్నెలు తోమే వైపు మనిషి, రోటా కాయితం వెనక బాల్‌పెన్నుతో గీసి నన్ను స్టాఫ్ రూములో ఏడిపించింది. నా ఒళ్ళు మండిపోయింది.

తప్పు పట్టుకోవాలని మళ్ళీ చదివాను. ఒకటి దొరికింది. వెంటనే ఫోన్ చేసి, "కళావతి గారూ, ఇంగ్లీషు ముసలావిడ చేత మీ ఊరి తెలుగు మాట్లాడించారేంటి? నమ్మేట్టు ఉండాలి కదండీ" అన్నాను.

"నాకట్లనే ఇనవడ్డది మేడం" అంది.

చూద్దాం లెండి అని ఫోన్ పెట్టేశాను. ఇంకా మండింది.

ఆ శనివారం గోపాల్‌రావు గారింట్లో కమిటీ కూర్చుంది. ఏది ఎక్కడ వేయాలో తేల్చే మీటింగు. కళావతి కాయితాలు చేతులు మారాయి. ఎవరూ చదవలేదు, బొమ్మలని చూసి పక్కవాళ్ళకి అందించారు.

"కామిక్సు కదా లీల గారూ, పిల్లల పేజీల్లోకేగా?" అన్నారు గోపాల్‌రావు గారు.

లైబ్రరీలో బొమ్మల నవలలకి వేరే అర ఉంది, పెద్దవాళ్ళ విభాగంలో. యుద్ధాలవి, జబ్బులవి, విడాకులవి. వారానికి మూడు రోజులు నా చేతులతో సర్దుతాను. ఎవరైనా పొరపాటున పిల్లల వైపు పెడితే "ఇవి పెద్దవాళ్ళవండీ" అని చిరునవ్వుతో తీసి మళ్ళీ ఇటు పెట్టేది నేనే. ఆ గదిలో ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

"అంతేగా మరి, పిల్లల పేజీలకే" అన్నాను.

"ఆఖర్న నీతి లేదేంటండీ? పిల్లల కథన్నాక నీతి ఉండాలి కదా. ఇదేంటో బస్సులో అయిపోయింది" అన్నారాయన.

"నేను చూస్తాను" అన్నాను.

ఆదివారం మధ్యాహ్నం వంటింటి బల్ల దగ్గర కూర్చుని చూశాను. ఇక్కడివాళ్ళు టిపెక్స్ అంటారు, నాకింకా అది వైట్నరే. ఆవిడిచ్చిన అసలు కాయితం మీదే, ఆఖరి గడిలో ఆవిడ మాట మీద పూశాను. ఒక పూతకి అక్షరాలు పోలేదు, రెండో పూత వేశాను. ఆరేదాకా ఊదాను. దాని మీద గుండ్రంగా రాశాను: "నీతి: వృద్ధులను ప్రేమాభిమానాలతో చూసుకోవాలి." నా దస్తూరీ బాగుంటుంది, అచ్చులా ఉంటుంది. రచయితల వివరాల కోసం సంఘం నింపించే ఫారంలో ఆవిడ వయసు దగ్గర 51 అని రాసింది. పిల్లల పేజీల్లో పేరు కింద వయసు వేస్తాం కదా, అదీ వేశాను. తీసేయొచ్చు. తీయలేదు. ఆవిడకి ఫోన్ చేసి చెప్పొచ్చు. చెప్పలేదు.

ఆ ఏడు ఉగాది సరిగ్గా శనివారం పడింది. ఒక స్కూలు హాలు అద్దెకి తీసుకున్నాం. సంచికలు గుమ్మం దగ్గరే పంచారు. పచ్చడి, పంచాంగం, డాన్సులు అయ్యాక పిల్లల బహుమతులు మొదలయ్యాయి. నేను ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని స్టేజీ మీద డబ్బాల పక్కన నిలబడ్డాను. గోపాల్‌రావు గారు మైకులో పేర్లు చదువుతున్నారు. నెమలి గీసిన పిల్ల వచ్చింది, రాకెట్టు గీసిన రిషి వచ్చాడు.

"కళావతి, యాభై ఒక్క సంవత్సరాలు" అని చదివి ఆయన ఆగిపోయారు. హాల్లో ముందు ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత నవ్వు మొదలై వెనక వరసల దాకా పోయింది. చెడ్డగా నవ్వలేదు, సరదాగానే నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. కిచెన్ వైపు నించి ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. రిషి వెనక నిలబడింది. ఫోటో తీసే అతను "ఆంటీ, కొంచెం వంగండి, పిల్లలతో సమానంగా" అన్నాడు. వంగింది.

డబ్బా ఇచ్చాను. రెండు చేతులతో తీసుకుంది, ఆవిడ వేళ్ళు నా చేతులకి తగిలాయి. సంచిక అప్పటికే చూసి ఉంటుంది, ఏదైనా అడుగుతుందేమోనని చూస్తున్నాను. మైకు పక్కనే ఉంది, అడిగితే అందరికీ వినిపిస్తుంది. ఆవిడ నా ముఖంలోకి ఒక్కసారి చూసి, "మస్తు రంగులున్నయి మేడం" అంది. దిగి మళ్ళీ కిచెన్ వైపు వెళ్ళిపోయింది.

ఆ రోజు నా కథ చాలా బాగుందని తొమ్మిది మంది అన్నారు. హాయిగా నవ్వి థాంక్స్ చెప్పాను. నవ్వుతున్నంతసేపూ నా కళ్ళు కిచెన్ గుమ్మం మీదే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న కిందికి దిగితే వంటింటి బల్ల మీద సంచిక తెరిచి ఉంది, సాత్విక దాని మీద వంగి ఉంది. నా కథే అనుకున్నాను. టోస్టు కూడా మర్చిపోయి చూస్తోంది. చప్పుడు చేయకుండా దాని వెనక్కి వెళ్ళి చూశాను. అది తెరిచింది నా కథ కాదు. నెమలి గీసిన పిల్ల సాత్విక ఫ్రెండు చెల్లెలు. ఆ నెమలి కోసం పిల్లల పేజీలు తిప్పి, పక్క పేజీలో ఆగిపోయింది.

"మమ్, వాట్ డజ్ దిస్ సే?"

ముసలావిడ నోటి దగ్గర గుండ్రం మీద వేలు పెట్టింది. పద్నాలుగేళ్ళలో మొదటిసారి మా అమ్మాయి ఒక తెలుగు మాట చదవమని నన్ను అడిగింది. అడిగింది నాది కాదు. ఏదో పని ఉందని తప్పించుకోబోయాను గానీ అది కుర్చీ లాగింది. కూర్చున్నాను.

"అచ్చినవా బిడ్డా" అని చదివాను.

"డు ద వాయిస్" అంది.

చేశాను. నాకు రాని యాసలో, ముసలి గొంతుతో. "నేను లాండ్రీ దాన్ని అమ్మా." "అచ్చిన అవ్వా." మాటల్లేని పేజీలు అదే చూసుకుంది. నేను పేజీ తిప్పబోతే నా చెయ్యి పట్టుకుని ఆపింది. చెవులకి ఇయర్‌ఫోన్లు లేవు, పక్కన టోస్టు పళ్ళెంలో పడున్నాయి. ఎప్పుడు తీసిందో నేను చూడలేదు. నా గొంతు వింటూ దాని ముఖం అలా మారుతుంటే చూడాలని నేనెన్నాళ్ళు కలగన్నానో, సరిగ్గా అలాగే ఉంది. మాటలు మాత్రం కళావతివి.

ఆఖరి గడి వచ్చింది. తప్పదు కనక చదివాను. "నీతి: వృద్ధులను ప్రేమాభిమానాలతో చూసుకోవాలి."

సాత్విక ముఖం చిట్లించింది. "దట్స్ నాట్ రైట్."

"ఏం, బాగానే ఉంది కదా."

"లుక్ ఎట్ హర్ హ్యాండ్, మమ్."

చూశాను. బస్సులో కూర్చున్న మనిషి పిడికిలి బిగించి ఉంది. వేళ్ళ సందులోంచి చిన్న పట్టీ కనిపిస్తోంది. సాత్విక మొదటి పేజీకి తిప్పింది. స్వెట్టరు మెడ దగ్గర అదే పట్టీ. కేర్ హోంలో బట్టలు కలిసిపోకుండా ఒక్కొక్కదానికీ మనిషి పేరున్న పట్టీ కుడతారు. ముసలావిడ పేరు పట్టీని ఈమె కత్తిరించి తెచ్చుకుంది. నేను ఆ కథ ఇరవైసార్లు చదివాను. మాటలే చదివాను, ఆ పిడికిలి నాకు కనిపించనే లేదు.

సాత్విక ఇంగ్లీషులో గబగబా చెప్పుకుపోయింది. పేరు దొంగతనంగా తెచ్చుకుని దాచుకున్న మనిషి పెద్దల్ని గౌరవించాలని ఎందుకంటుంది? ఆ ముఖం చూడు, ఆమె ఎవరికీ ఏమీ నేర్పట్లేదు. అసలు దీన్ని పిల్లల పేజీల్లో ఎవరు పెట్టారు? ఆ ఒక్క లైనూ ఇంకెవరో రాశారు, ఎవరో స్కూలు అసెంబ్లీలో మాట్లాడే హెడ్ టీచర్ లాంటివాళ్ళు. చివరికి "ఇట్స్ రబ్బిష్" అంది.

నేను రాసినవాటిలో నా కూతురు విన్న మొదటి వాక్యం అది. దాని మీద దాని అభిప్రాయం అది.

అబద్ధం చెప్పడానికి కావలసినంత వ్యవధి ఉంది. ప్రెస్సువాళ్ళ మీద తోసేయొచ్చు, గోపాల్‌రావు గారి మీద తోసేయొచ్చు. "నేనే రాశాను" అన్నాను.

అది ఆ ఆఖరి గడి మీద వేలు పెట్టింది. "వాట్ డిడ్ ఇట్ సే బిఫోర్?" అని అడిగింది.

"ఇయ్యాల నన్ను బిడ్డా అని ఎవ్వలు పిలువలే."

తడుముకోకుండా అనేశాను. సాత్విక కళ్ళు నీళ్ళతో నిండాయి, కానీ నా వైపు చూసే చూపు మాత్రం గట్టిగానే ఉంది. నీ కథలే నీకు కాయితం చూడకుండా రావు కదా, ఇది బట్టీ పట్టావా అంది.

"పట్టలేదు. మర్చిపోదామని నెల రోజుల్నించీ చూస్తున్నాను."

"దెన్ వై వుడ్ యూ చేంజ్ ఇట్?"

"బాగుంది కనక."

అర్థమయ్యేలా చెప్పాల్సి వస్తుందనుకున్నాను. అక్కర్లేకపోయింది. అది సంచిక మూసి, "వి ఆర్ గోయింగ్ టు హర్ హౌస్" అంది.

ఆ సాయంత్రమే వెళ్ళాం. ఫోల్స్‌హిల్‌లో ఒక బట్టల షాపు పైన చిన్న ఫ్లాటు. బాబూరావు గారు పనికి వెళ్ళిపోయారట. నా బ్యాగులో ఆ నాలుగు కాయితాలు, వైట్నర్ సీసా ఉన్నాయి. సీసా ఎందుకు తెచ్చానో నాకే తెలీదు. నా పూతని గీకి ఆవిడ మాట పైకి తేవచ్చేమోనని పొద్దున్న గోటితో ప్రయత్నించాను. వైట్నర్‌తోపాటు ఆవిడ అక్షరాలు కూడా పొట్టులా లేచి వచ్చేశాయి. ఇప్పుడా గుండ్రంలో ఏమీ లేదు.

కళావతి మమ్మల్ని చూసి కంగారు పడింది. చాయ్ పెట్టింది. నేను బస్సులో అనుకున్న మాటలన్నీ ఒకసారి మనసులో చదువుకుని నోరు తెరిచేలోపు, సాత్విక మాట్లాడింది. తెలుగులో.

"ఆంటీ... ఆ పేరు. నిజంగా తీసుకున్నారా?"

ఇంట్లో నాతో ఒక్క ముక్క తెలుగు మాట్లాడని పిల్ల. నాకు కలుక్కుమంది. కళావతి దాని ముఖంలోకి చూసి మెల్లగా నవ్వింది. "ఎవ్వలకు జెప్పకు బిడ్డా" అంది. వెంటనే నా వైపు తిరిగి, "మేడం, మీరు రావడం మంచిగైంది. కొత్తది ఏసిన. ఈసారి మీకు కష్టం లేకుండ నీతి గూడ నేనే రాసిన" అంటూ లోపల్నించి ఒక కాయితం తెచ్చింది.

అదీ రోటా కాయితమే. ఈసారి రంగులున్నాయి, నేనిచ్చిన డబ్బాలోవి. స్కూలు హాలు. పిల్లల వరస, వరసలో రిషి వెనక ఒక పెద్దామె. ఫోటో కోసం వంగిన నడుము. ఆఖరి గడిలో ఆకుపచ్చ చీర కట్టుకున్న ఒకావిడ డబ్బా అందిస్తోంది. ఆ ముఖం నాదే. పొగరుగా గీస్తుందని, కోపంగా గీస్తుందని అనుకుంటాం కదా, అవేవీ లేవు. ఆ ఆకుపచ్చ చీర మనిషి భయపడుతోంది. స్టేజీ మీద అంతమంది ఉండగా అది ఈవిడొక్కతే చూసింది. బొమ్మ కింద గుండ్రంలో పొందిగ్గా, నా దస్తూరీని చూసి నేర్చుకున్న అక్షరాల్లో రాసి ఉంది: "నీతి: ఇచ్చినది సంతోషంగా తీసుకోవాలి."

నిజం చెబుతాను. ఒక్క క్షణం నాకు హాయిగా అనిపించింది. ఆవిడ పాడైపోయింది. ఇక నాలాగే రాస్తుంది. నాకంటే బాగా రాసేవాళ్ళు మళ్ళీ కోవెంట్రీలో ఎవరూ లేరు. ఊరుకుంటే చాలు, బాగుందండీ అంటే చాలు, వచ్చే ఏడు ఆవిడే నీతులు మోసుకొస్తుంది.

సాత్విక నా ముఖమే చూస్తోంది.

"ఇది తీసేయండి కళావతి గారూ" అన్నాను.

"బాగ రాలేదా మేడం?"

"మొదటిదాంట్లోనూ ఉండకూడదు. నేను మీ మాట చెరిపేసి నీతి రాశాను. పిల్లల పేజీల్లో కూడా కావాలనే పెట్టాను. అది పెద్దవాళ్ళ కథని నాకు తెలుసు."

"మీరు సదువుకున్నోళ్ళు. మీరు మార్చిన్రంటె నాదే తప్పుండె అనుకున్న. నిన్నటి సంది ఆ మాట దిక్కే జూస్తున్న, నాకెందుకు తోచలేదా అని."

"మీది తప్పు కాదు. నాకంటే బాగుంది. అందుకే చెరిపేశాను."

ఇంత మాట నేను నా జన్మలో ఎవరితోనూ అనలేదు. క్షమించమని కూడా అన్నాను గానీ అది వినిపించేంత గట్టిగా రాలేదు. కళావతి కోప్పడుతుందేమోనని చూశాను. కోపం వచ్చే ఉంటుంది, ముక్కుపుటాలు అదిరాయి. చివరికి, "చాయ్ సల్లారుతది మేడం, తాగున్రి" అంది. తాగాను. చక్కెర ఎక్కువైంది.

"మరి గిప్పుడు దీన్నేం జెయ్యాలె?" అంది, కొత్త కాయితంలో నీతిని చూపిస్తూ.

బ్యాగులోంచి సీసా తీశాను. ఆ నీతి మీద నేనే పూశాను, ఒకటి, దాని మీద ఇంకొకటి. ఆరేదాకా ఊదాను. ముగ్గురం ఆ తెల్ల మచ్చ చుట్టూ కూర్చున్నాం. ఆరాక కాయితం ఆవిడ వైపు జరిపాను.

"రచయిత్రి గారు జెప్తె రాస్త" అంది. నవ్వులాటకే అందో, గుచ్చడానికే అందో తెలీలేదు.

"నాకు రాదు. మీకు ఎలా వినపడిందో అది రాయండి."

ఆవిడ బాల్‌పెన్ను తీసుకుంది. ఆలోచించను కూడా ఆలోచించలేదు. ఆ మాట నిన్నట్నించీ ఆవిడ దగ్గరే ఉంది, నా నీతి కోసం పక్కకి తప్పుకుని నిలబడి ఉంది, అంతే. రాసి కాయితం నా వైపు తిప్పింది.

చదివాను. కడుపులో పాత మంట భగ్గుమంది. నేనైతే ఆ చోటికి చేరడానికి పదకొండు పేజీలు తీసుకునేదాన్ని, చేరేదాన్ని కూడా కాదు.

"మమ్, ఏం రాసింది?" అంది సాత్విక. తెలుగులోనే అడిగింది.

ఆవిడ యాసలోనే చదివి వినిపించాను.

"మేడం చేతులు సల్లగున్నయ్. ఏమైందో అడుగుదామనుకున్న."